నిప్పురవ్వయు పెట్రోలు గాలియు: పాత బుల్లెట్ మోటారుసైకిలును సరిచేసికొను విధము

మన గ్రామములలో ముప్పది, నలువది సంవత్సరముల నాటి బుల్లెట్ మోటారుసైకిళ్లు ఇప్పటికిని తిరుగుచున్నవి. వీనిలో కొన్ని తండ్రి నుండి కొడుకునకు వచ్చినవి. మరికొన్ని పట్టణములో చవుకగా కొని తెచ్చినవి. ఇవి గట్టి యంత్రములు. సరిగా చూచుకొన్నచో ఇంకను ఎన్నో యేండ్లు పనిచేయగలవు. చూచుకొననిచో పెట్రోలు త్రాగును, నల్లని పొగ గ్రక్కును, అవసరమునకు కదలవు. ఒక్కొక్కప్పుడు కిక్కు వెనుకకు కొట్టి నడుపువాని చీలమండను విరుగగొట్టుటయు కలదు.

పంచాయతీ సభ్యులకు ఈ యంత్రముల గొడవ యెందుకని కొందరు అడుగవచ్చును. అర్ధరాత్రి రోగిని రోడ్డు వరకు చేర్చుటకు ఊరిలో దొరకునది అనేక పర్యాయములు ఇట్టి పాతబండి ఒక్కటియే. బండి పొగ పరీక్షలో తప్పినపుడును, మెకానిక్కునకు బండి యజమానికి మాట తేడా వచ్చినపుడును, ఆ తగవు చివరకు సభ్యుని అరుగు మీదికే వచ్చును. షెడ్డులోని పాడు నూనె మురుగు కాలువలో కలిసినచో అది నేరుగా పంచాయతీ విషయమే యగును. అందుచేత ఇంజనులో నిప్పురవ్వ యెట్లు పుట్టును, పెట్రోలు గాలి యెట్లు కలియును, ఈ రెంటిని ఏ క్రమమున సరిచేయవలెను అను విషయములను ఈ పాఠములో వివరింపదలచినాము. మేము చెప్పునది పోతయినుము సిలిండరు గల పాత 350 బుల్లెట్టును గూర్చి మాత్రమే. టూస్ట్రోకు బండ్ల నిర్మాణము వేరు. ఈ కొలతలను వానికి వాడరాదు.

ఈ బండి పుట్టుక ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమున జరిగినది. 1955వ సంవత్సరమున మద్రాసు వద్ద తిరువొత్తియూరులో దీని కూర్పు ఆరంభమైనది. మొదట విడిభాగములు ఇంగ్లండు నుండి వచ్చెడివి. కొన్ని సంవత్సరములలోనే అవి యన్నియు ఇచ్చటనే తయారు కాజొచ్చినవి. ఇంగ్లండులోని మాతృసంస్థ 1970 ప్రాంతమున మూతపడినను, మద్రాసులో మాత్రము అదే ఇంజను పెద్ద మార్పులు లేకయే 2010 ప్రాంతము వరకు తయారైనది. సిలిండరు లోపలి వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను పోవు దూరము 90 మిల్లీమీటర్లు. ఘనపరిమాణము 346 సి.సి. నిర్మాణము ఇంతకాలము మారకుండుటయే మన గ్రామ మెకానిక్కులకు దొరికిన గొప్ప సౌకర్యము. ఒక బండి మీద నేర్చిన పని మరియొక బండికి పనికివచ్చుచున్నది.

మొదట చూడవలసినవి

బండి సరిగా నడువనిచో మనవారు వెంటనే కార్బొరేటరు మీద పడి, కనబడిన స్క్రూలన్నియు త్రిప్పుదురు. ఇది తలక్రిందులైన పద్ధతి. కార్బొరేటరు దోషమని చెప్పబడు వానిలో చాలభాగము నిజమునకు నిప్పురవ్వ దోషములే. కావున మొదట ఇంజను ఆరోగ్యము, పిమ్మట నిప్పురవ్వ, చివరకు కార్బొరేటరు అను క్రమమును పాటింపవలెను. ఈ క్రమము తప్పినచో ఒక దోషమును మరియొక దోషముతో కప్పిపుచ్చినట్లగును. ఆ విధముగా సరిచేసిన బండి వారము దినములు నడచి మరల నిలిచిపోవును.

ఇంజను ఆరోగ్యమనగా టాపెట్లు, గాలి ఫిల్టరు, పెట్రోలు దారి. టాపెట్లను ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే చూడవలెను. పిస్టను కంప్రెషనులో పైకి వచ్చి రెండు వాల్వులు మూసికొని యున్నపుడు, పుష్‌రాడ్లు వ్రేళ్లతో త్రిప్పగా తిరుగవలెను. కాని పైకి క్రిందికి ఆడరాదు. బిగువుగా నున్నచో వాల్వు పూర్తిగా మూయబడక కాలిపోవును. వదులుగా నున్నచో టకటక శబ్దము వచ్చును. గాలి ఫిల్టరులో మన ఊరి దుమ్ము నిండియున్నచో ఏ ట్యూనింగు చేసినను నిలువదు. ట్యాంకులో త్రుప్పు ఉన్నచో అది రాలి జెట్టులో చేరును. ముందు ట్యాంకును శుభ్రము చేసి, పిదప కార్బొరేటరు జోలికి పోవలెను.

నిప్పురవ్వ పుట్టు విధము

బ్యాటరీలో ఉన్నది ఆరు వోల్టులు గాని, తరువాతి బండ్లలో పండ్రెండు వోల్టులు గాని మాత్రమే. ప్లగ్గు కొనల నడుమ ఉన్న సందును దాటి రవ్వ దూకుటకు వేలకొలది వోల్టులు కావలెను. ఈ పెంపు కాయిలులో జరుగును. కాయిలులో ఒకే ఇనుప కడ్డీ చుట్టు రెండు చుట్టలుండును. ఒకటి లావు తీగతో కొద్ది చుట్లు, రెండవది వెండ్రుక వంటి సన్నని తీగతో వేలాది చుట్లు. మొదటి చుట్టలో కరెంటు పారుచున్నపుడు అయస్కాంత శక్తి నిలువయగును. ఆ కరెంటును హఠాత్తుగా తెగగొట్టినపుడు ఆ శక్తి కూలి రెండవ చుట్టలో అధికమైన వోల్టేజిని పుట్టించును. అమెరికా దేశస్థుడగు చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతమున మోటారుకార్ల కొరకు రూపొందించిన ఏర్పాటు ఇదియే.

కరెంటును తెగగొట్టు పని పాయింట్లది. చిన్న క్యాము తిరుగుచు ఒక చేతిని ఎత్తును. రెండు లోహపు కొనలు విడిపోవును. ఆ క్షణముననే రవ్వ పుట్టును. మూడువేల చుట్ల వేగమున ఈ పని సెకనునకు ఇరువదియైదు మారులు జరుగవలెను. పాయింట్లు విడిపోవునపుడు వాని నడుమ మంట పుట్టకుండ కండెన్సరు కాపాడును. కండెన్సరు చెడినచో పాయింట్ల వద్ద నీలిమంట కనబడును, కొనలు నల్లబడును, బండి చల్లగా నున్నపుడు నడచి వేడెక్కిన పిమ్మట ఆగిపోవును. "నాలుగు మైళ్లు పోయి ఆగుచున్నది, అరగంట నిలిపినచో మరల నడచుచున్నది" అని యజమాని చెప్పినపుడు మొదట కండెన్సరును, తరువాత కాయిలును అనుమానింపవలెను. కండెన్సరు వెల స్వల్పము. దానిని మార్చి చూచుటకు వెనుదీయరాదు.

పాయింట్లను సరిచేయుటకు మూత తీసి కొనలను పరిశీలింపవలెను. బూడిదవన్నెతో చదునుగా నున్నచో మంచివి. ఒకదానిపై బొడిపెయు, రెండవదానిపై గుంటయు ఏర్పడినచో సన్నని ఎమెరీ కాగితముతో తేలికగా రుద్ది, పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి, పొడి కాగితమును నడుమ నుండి లాగవలెను. గుంట లోతైనచో క్రొత్తవి వేయుటయే మేలు. క్యాము చేతిని పూర్తిగా ఎత్తిన స్థితిలో ఉంచి, కొనల నడుమ సందును ఫీలర్ గేజితో 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల వరకు పెట్టవలెను. కంటి అంచనాతో పెట్టుట అలవాటైన మెకానిక్కులు పెక్కుమంది కలరు. వారి నేర్పును మేము కాదనము, కాని గేజి వెల ఒక పూట కూలి కంటె తక్కువ. క్యాముకు ఆనుకొని యుండు భాగమునకు గోరుచివర పట్టునంత గ్రీజు చాలును. ఎక్కువైనచో అది ఎగిరి కొనలపై పడి రవ్వను చంపును.

ప్లగ్గు కొనల సందు 0.5 నుండి 0.6 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. రవ్వను పరీక్షించుటకు ప్లగ్గును విప్పి, తొడుగుతో సహా దాని లోహభాగమును ఇంజను మీద ఆనించి కిక్కు కొట్టవలెను. నీలివన్నె గల లావు రవ్వ టప్పున కొట్టినచో మంచిది. పసుపుగా, సన్నగా కొట్టినచో దోషమున్నది. ఈ పరీక్షలో ప్లగ్గును దాని రంధ్రమునకు దూరముగా పట్టవలెను. లోపలి నుండి వచ్చు పెట్రోలు ఆవిరి అంటుకొను ప్రమాదము కలదు.

టైమింగు

రవ్వ పుట్టుట ఒక యెత్తు, తగిన క్షణమున పుట్టుట మరియొక యెత్తు. పెట్రోలు గాలి మిశ్రమము ఒక్కసారిగా పేలదు. మంట వ్యాపించుటకు కొంత కాలము పట్టును. అందుచేత పిస్టను పైకొనకు చేరుటకు కొంచెము ముందుగనే రవ్వ పడవలెను. వేగము హెచ్చినకొలది ఇంకను ముందుగా పడవలెను. ఈ రెండవ పనిని ఆటో అడ్వాన్సు అను చిన్న పరికరము చేయును. దానిలోని రెండు బరువులు వేగమునకు వెలుపలికి జరిగి క్యామును కొంచెము ముందుకు త్రిప్పును. వేగము తగ్గినపుడు స్ప్రింగులు వానిని వెనుకకు లాగును.

ఈ బరువులు త్రుప్పుపట్టి వెలుపలనే చిక్కుకొన్నచో రవ్వ చాల ముందుగా పడును. అప్పుడు కిక్కు కొట్టినంతనే పిస్టను ఇంకను పైకి రాకముందే మంట పుట్టి దానిని వెనుకకు నెట్టును. కిక్కురాడు ఎదురుతిరిగి కాలిని కొట్టును. చీలమండలు విరుగుటకు ఎక్కువగా కారణము ఇదియే. లోపలనే చిక్కుకొన్నచో దెబ్బ తగులదు గాని బండికి బలముండదు, ఇంజను మితిమీరి వేడెక్కును. టైమింగు పెట్టుటకు పూర్వము ఆటో అడ్వాన్సును విప్పి, శుభ్రపరచి, రెండు చుక్కల నూనె వేసి, వ్రేలితో త్రిప్పి వదలినపుడు స్ప్రింగు బలముతో వెనుకకు వచ్చుచున్నదో లేదో చూడవలెను. ఈ పనిని చేయక టైమింగు పెట్టుట వృథా.

350 బుల్లెట్టునకు అడ్వాన్సు పూర్తిగా వెనుకకున్న స్థితిలో, పిస్టను పైకొనకు 0.8 మిల్లీమీటరు, అనగా అంగుళములో ముప్పది రెండవ వంతు, క్రిందనున్నపుడు పాయింట్లు విడిపోవుట ఆరంభింపవలెను. మన షెడ్లలో ప్లగ్గు రంధ్రములో సైకిలు పుల్లను దించి పిస్టను ఎత్తును కొలుచు ఆచారము కలదు. రంధ్రము ఏటవాలుగా నుండుటచే పుల్ల కూడ ఏటవాలుగా దిగి కొలత తప్పును. పైకొన వద్ద పిస్టను కదలిక చాల మందముగా నుండును. క్రాంకు సుమారు పది డిగ్రీలు తిరిగినను పిస్టను కదలునది ఈ 0.8 మిల్లీమీటరే. కనుక పుల్లను పైకొన గుర్తించుటకు మాత్రము వాడి, తుది నిర్ణయమునకు బల్బును వాడుట మంచిది.

బల్బు పద్ధతి యిది. ఒక చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకదానిని పాయింట్లకు వచ్చు తీగ వద్దను, రెండవదానిని ఇంజను లోహమునకును తగిలింపవలెను. తాళపుచెవి త్రిప్పి ఇంజనును చేతితో మెల్లగా ముందుకు త్రిప్పుచుండగా, పాయింట్లు విడిపోయిన క్షణమున బల్బు వెలుగును. ఆ వెలుగు సరియైన స్థానమున వచ్చువరకు పాయింట్ల ప్లేటును కొంచెము కొంచెముగా జరిపి బిగింపవలెను. పాయింట్ల సందు మారినచో టైమింగు కూడ మారును. సందు పెరిగినకొలది రవ్వ ముందుకు వచ్చును. కావున సందు ముందు, టైమింగు తరువాత. పని ముగిసిన వెంటనే తాళపుచెవి త్రిప్పివేయవలెను. పాయింట్లు మూసికొనియుండగా కరెంటు పారుచున్నచో కాయిలు కాలిపోవును.

ఎలక్ట్రానిక్ ఏర్పాటు

ఇటీవల పాయింట్లను తీసివేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టించుట వ్యాపించినది. కంపెనీ కూడ తన తరువాతి బండ్లలో పాయింట్లను విడిచిపెట్టినది. దీనిలో క్యాము స్థానమున చిన్న అయస్కాంతము తిరుగును. అది దాటిపోవు క్షణమును ఒక గ్రాహకము కనిపెట్టి ట్రాన్సిస్టరునకు తెలుపును. ట్రాన్సిస్టరు కాయిలు కరెంటును తెగగొట్టును. ఒకదానినొకటి తాకి అరిగిపోవు కొనలు లేవు. ఒకసారి పెట్టిన టైమింగు తనంతట తాను మారదు. వానకాలపు తేమకు పాయింట్లు మసిబారు బాధ తప్పును. రవ్వ నిలకడగా పడుటచే స్లోలో ఇంజను ఒకే తీరున నడచును.

ఇంత లాభమున్నను, దీనిని అందరికి మేము సిఫారసు చేయజాలము. పాయింట్లు చెడినచో దారిలో చెట్టు క్రింద కూర్చుండి గంటలో బాగుచేసికొనవచ్చును. ఎలక్ట్రానిక్ పెట్టె కాలిపోయినచో దానిని బాగుచేయు మార్గము లేదు. క్రొత్తది తెప్పింపవలెను, అది మండల కేంద్రమున దొరకునను నమ్మకము లేదు. పాయింట్లు నీరసించిన బ్యాటరీతో కూడ ఎట్లో పనిచేయును. కొన్ని ఎలక్ట్రానిక్ పెట్టెలు వోల్టేజి పడిపోయినపుడు రవ్వను మానివేయును, లేదా తప్పు క్షణమున కొట్టును. కావున దినమును దూరము తిరుగువారును, బ్యాటరీని, ఛార్జింగును మంచి స్థితిలో ఉంచుకొనువారును దీనిని పెట్టించుకొనవచ్చును. నెలకొకసారి బండి తీయువారికి మంచి పాయింట్లు, క్రొత్త కండెన్సరు చాలును. పెట్టించుకొన్నవారు సయితము పాత పాయింట్ల ప్లేటును పారవేయక పనిముట్ల పెట్టెలో దాచుకొనవలెను.

పెట్టించునపుడు కొన్ని జాగ్రత్తలు కలవు. బండి ఆరు వోల్టులదో పండ్రెండు వోల్టులదో ముందు చూడవలెను. పాతకాలపు కొన్ని బండ్లలో బ్యాటరీ పాజిటివ్ కొనను చట్రమునకు కలిపెడివారు; తరువాతి వానిలో నెగెటివ్ కొనను కలిపినారు. ఇది తెలియక తీగలు తారుమారు చేసినచో పెట్టె క్షణములో కాలిపోవును. కాయిలు నిరోధము పెట్టెతో వచ్చిన పత్రములో చెప్పినంత ఉండవలెను. తక్కువైనచో కాయిలు, పెట్టె రెండును వేడెక్కును. ప్లగ్గు తొడుగు నిరోధము గలదై యుండవలెను. ప్లగ్గు తీగను ఎచ్చటను ఆనింపక వ్రేలాడదీసి కిక్కు కొట్టరాదు. ఇంజను నుండి చట్రమునకు మంచి ఎర్తు తీగ వేయవలెను. రంగు పూసిన చోట బిగించిన ఎర్తు ఎర్తు కాదు. కొన్ని కిట్లలో పాత ఆటో అడ్వాన్సునే ఉంచుదురు. అట్టి వానిలో దాని త్రుప్పు కూడ అట్లే యుండునని మరువరాదు.

పాయింట్ల బండిని నడుపువారు ఆంపియరు మీటరు ముల్లును చూచి కిక్కు కొట్టు నేర్పు నొకటి అలవరచుకొందురు. తాళపుచెవి త్రిప్పి కిక్కును మెల్లగా నొక్కగా, ఇంజను కంప్రెషను వద్ద ఆగును. అచ్చట డీకంప్రెషన్ లీవరును లాగి, ముల్లు నడుమకు వచ్చువరకు కిక్కును ఇంకను కొంచెము నొక్కవలెను. ముల్లు నడుమకు వచ్చినదనగా పాయింట్లు విడినవని, పిస్టను పైకొన దాటుచున్నదని అర్థము. అంతట లీవరును వదలి, కిక్కును పైకి రానిచ్చి, కాలి బలమంతయు ఉపయోగించి ఒకే దెబ్బ కొట్టవలెను. ఈ విధముగా కొట్టినవానికి కిక్కు ఎదురుతిరుగుట అరుదు. ఎలక్ట్రానిక్ ఏర్పాటు గల బండిలో ముల్లు ఈ గుర్తును చూపకపోవచ్చును. యజమానికి ఈ సంగతిని చెప్పి, కాలితో కంప్రెషనును గుర్తించు పద్ధతిని నేర్పి బండిని అప్పగించుట మెకానిక్కు విధి.

కార్బొరేటరు

రవ్వ సరియైన పిమ్మట కార్బొరేటరునకు రావచ్చును. ఈ బండ్లలో విస్తారముగా కనబడునది మిక్‌కార్బ్ అను స్లైడు కార్బొరేటరు. పిస్టను గాలిని పీల్చినపుడు ఆ గాలి ఇరుకైన గొట్టము గుండ పోవుచు వేగము హెచ్చును, ఒత్తిడి తగ్గును. ఆ తగ్గుదలకు క్రిందనున్న గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండ పైకి లేచి గాలిలో కలియును. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. గాలి తక్కువైనచో పెట్రోలు కాలక పొగయగును. దీనిని రిచ్ అందురు. గాలి ఎక్కువైనచో ఇంజను వేడెక్కును; దీనిని లీన్ అందురు. రిచ్ వలన డబ్బు పోవును, లీన్ వలన పిస్టను పోవును.

కార్బొరేటరులో ఒక్క భాగమే అన్ని వేగములకు పనిచేయదు. ఏక్సిలేటరు మూసియున్నపుడును, కొద్దిగా తెరచినపుడును పైలట్ జెట్టు, గాలి స్క్రూ పనిచేయును. నాలుగవ వంతు ప్రాంతమున స్లైడు క్రింది కోత పనిచేయును. నాలుగవ వంతు నుండి ముప్పాతిక వరకు సూది పనిచేయును. అచ్చట నుండి పూర్తిగా తెరచువరకు మెయిన్ జెట్టు పనిచేయును. దోషము ఎచ్చట కనబడుచున్నదో తెలిసినగాని దేనిని ముట్టవలెనో తెలియదు. దీనికి చవుకైన ఉపాయము: ఏక్సిలేటరు పిడిమీద కాగితపు పట్టీ అంటించి, పావు, అర, ముప్పావు గుర్తులు గీయవలెను. బండి ఏ గుర్తు వద్ద దగ్గుచున్నదో చూచినచో దోషస్థానము తెలియును.

ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మట గాలి స్క్రూతో ఆరంభింపవలెను. దానిని మెల్లగా చివరివరకు బిగించి, ఒకటిన్నర చుట్టు వెనుకకు విప్పవలెను. బలముగా బిగించినచో సూదిమొన నలిగి కార్బొరేటరే పాడగును. పిమ్మట ఇంజను నడచుచుండగా కొంచెము అటు ఇటు త్రిప్పి, ఇంజను వడిగా, నిలకడగా నడచు చోట నిలుపవలెను. వేగము హెచ్చినచో స్లో స్క్రూను తగ్గించి మరల చూడవలెను. ఈ కార్బొరేటరులో గాలి స్క్రూను బిగించినకొలది రిచ్, విప్పినకొలది లీన్ అగును. అర చుట్టులోపల గాని మూడు చుట్లకు మించి గాని పోవలసివచ్చినచో పైలట్ జెట్టు మూసికొనియైన ఉండవలెను, లేదా దాని సంఖ్య తగినదియైన కాకపోవలెను. కార్బొరేటరు ఇంజనునకు కలియు చోట గాలి లీకు ఉన్నచో ఏ స్క్రూ త్రిప్పినను స్లో నిలువదు. నడచుచున్న ఇంజనుపై ఆ అతుకు వద్ద కొద్దిగా నీరు చిలికినపుడు శబ్దము మారినచో లీకు ఉన్నట్లే.

సూది తలవద్ద ఐదు గాట్లు, వానిలో ఒకదానియందు చిన్న క్లిప్పు ఉండును. క్లిప్పును క్రింది గాటులోనికి మార్చినచో సూది పైకి లేచి పెట్రోలు హెచ్చును. పై గాటులోనికి మార్చినచో తగ్గును. ఒక్కసారికి ఒక్క గాటు మాత్రమే మార్చి, బండిని నడిపి చూడవలెను. మెయిన్ జెట్టును దాని మీది సంఖ్యను బట్టి మార్చుదురు. సంఖ్య పెరిగినకొలది పెట్రోలు పెరుగును. జెట్టు మూసికొన్నపుడు ఇనుప తీగతో పొడుచుట మన ఊళ్లలో పాతుకొనిపోయిన దురలవాటు. ఆ రంధ్రము వెండ్రుకవాసి పెద్దదైనను సంఖ్య అబద్ధమగును. పెట్రోలులో నానబెట్టి, సైకిలు పంపుతో ఊదవలెను.

రిచ్, లీన్ అను తేడాను తెలిసికొనుటకు చోకు మంచి సాధనము. బండి దగ్గుచున్న వేగమున చోకును కొంచెము లాగినపుడు మెరుగైనచో అది లీన్. ఇంకను చెడినచో రిచ్. ప్లగ్గు రంగును కూడ చూడవలెను. జనసంచారము లేని రోడ్డుపై ఒకే వేగమున కొంతదూరము నడిపి, క్లచ్చి పట్టి ఇంజనును ఆపి, ప్లగ్గు చల్లారిన తరువాత విప్పవలెను. లేత గోధుమవన్నె మంచిది. మసివలె నల్లనైనది రిచ్. సున్నమువలె తెల్లనైనది లీన్. పూర్వము సీసము కలిసిన పెట్రోలులో ఈ రంగులు స్పష్టముగా కనబడెడివి. 2000వ సంవత్సరమున దేశమంతట సీసము లేని పెట్రోలు వచ్చిన పిమ్మట రంగు లేతగా నుండుచున్నది. పాత మెకానిక్కులు పూర్వపు ముదురు రంగును కోరి అనవసరముగా పెట్రోలు పెంచుచున్నారు.

నెలకు ఆరువందల కిలోమీటర్లు తిరుగు బండి లీటరునకు ముప్పదియైదు కిలోమీటర్లు ఇచ్చుటకు బదులు ఇరువదియైదు మాత్రమే ఇచ్చినచో, నెలకు సుమారు ఏడు లీటర్ల పెట్రోలు పొగయై పోవును. ఈ లెక్కను యజమాని యెదుట వేసి చూపినచో ట్యూనింగు కూలికి అతడు బేరమాడడు.

ఇథనాలు కలిసిన పెట్రోలు

ఇచ్చట నేటి విషయమొకటి గట్టిగా చెప్పవలసియున్నది. మన బంకులలో అమ్ము పెట్రోలులో చెరకు, ధాన్యముల నుండి తీసిన ఇథనాలును కలుపుచున్నారు. 2025 నాటికి ఆ పాలు నూటికి ఇరువదికి చేరినది. ఇథనాలు తనలోనే ప్రాణవాయువును కలిగియుండుటచే దానికి గాలి తక్కువ చాలును. ఇరువది పాళ్ల మిశ్రమమునకు తూకమున సుమారు 13.5 పాళ్ల గాలి సరిపోవును. క్రొత్త బండ్లలో కంప్యూటరు ఈ తేడాను కనిపెట్టి పెట్రోలును పెంచుకొనును. పాత బుల్లెట్టునకు అట్టి తెలివి లేదు; పూర్వపు పెట్రోలునకు సరిపెట్టిన జెట్లతోనే నడచి లీన్ అగును. ఇంజను మునుపటికంటె వేడెక్కుట, కార్బొరేటరులో నుండి దగ్గుట, చోకు లాగినగాని నడువకుండుట, వదలినపుడు సైలెన్సరులో టపటప శబ్దము వచ్చుట దీని చిహ్నములు. ఈ చిహ్నములు కనబడినచో గాలి స్క్రూను పావు చుట్టు బిగించి, సూదిని ఒక గాటు ఎత్తి చూడవలెను. పై వేగమున బలము తగ్గినచో మెయిన్ జెట్టును తరువాతి సంఖ్యకు మార్చవలెను. చిహ్నములు లేనిచో మార్చనక్కరలేదు.

ఇథనాలు నీటిని పీల్చును. బండి నెలలకొలది నిలిచినచో ఆ నీరు, ఇథనాలు కలిసి పెట్రోలు నుండి విడివడి ట్యాంకు అడుగున చేరును, ఇనుపట్యాంకు త్రుప్పుపట్టును. పాతరబ్బరు గొట్టములు మెత్తబడి చిట్లవచ్చును. నెలకుమించి నిలుపు బండిలో గిన్నెలోని పెట్రోలును తీసివేయవలెను. పెట్రోలు గొట్టమును సంవత్సరమునకొకసారి మార్చుట ఖర్చు కాదు; వేడి ఇంజను మీద పెట్రోలు కారుటయే ఖర్చు.

పొగ పరీక్ష, చట్టము, షెడ్డు

2000 మార్చి 31వ తేదీకి ముందు తయారైన మోటారుసైకిళ్లు స్లోలో విడుచు పొగలో కార్బన్ మోనాక్సైడు నూటికి 4.5 పాళ్లు మించరాదు. తరువాతి పాత నమూనాలకు ఈ హద్దు 3.5 పాళ్లు. ఈ పరీక్ష స్లోలోనే జరుగుటచే గాలి స్క్రూను సరిపెట్టిన బండి సాధారణముగా తప్పదు. ఈ వాయువునకు రంగు గాని వాసన గాని లేదు. మూసిన గదిలో ఇంజనును నడిపినచో ప్రాణమునకే ముప్పు. బండిని వెలుపలికి తెచ్చి మాత్రమే ట్యూనింగు చేయవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనదై నేలబారున ప్రాకును. దూరముగ వెలిగించిన బీడీ కూడ దానిని అంటింపగలదు. షెడ్డులో ఇసుక బకెటు తప్పక యుండవలెను.

మోటారుసైకిలు రిజిస్ట్రేషను పదునైదు సంవత్సరములకు ముగియును. పిమ్మట అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, ధ్రువపత్రములోని వివరములు మారునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. ఇంజనునే మార్చుట, చట్రమును కోయుట ఈ నిషేధములోనికి వచ్చును. ఏబది సంవత్సరములు దాటి, పెద్ద మార్పులు లేక తొలి రూపముననే యున్న బండ్లకు 2021 జూలైలో కేంద్రప్రభుత్వము వింటేజి రిజిస్ట్రేషను ఏర్పరచినది. దాని రుసుము ఇరువదివేల రూపాయలు. ఆ మార్గమున పోవదలచినవారు పాయింట్లను, తొలి కార్బొరేటరును అట్లే కాపాడుకొనవలెను. ఈ రిజిస్ట్రేషను గల బండిని నిత్యము రోడ్డుమీద తిప్పుటకు వీలులేదు. ప్రదర్శనలకు, అట్టి అవసరములకు మాత్రమే. కావున దినమును పొలమునకు పోవు బండికి ఇది పనికిరాదు.

తీసివేసిన పాడు నూనె, జెట్లు కడిగిన పెట్రోలు బావికి గాని కాలువకు గాని చేరకుండ చూచుట సభ్యుల పని. మూతగల డబ్బాలో కూడబెట్టి, అనుమతి గల పాతనూనె శుద్ధి కేంద్రములకు చేరవేయు వారికి ఇచ్చునట్లు షెడ్డు యజమానితో మాట్లాడవలెను. ఊరి యువకులలో ఈ పని నేర్వదలచినవారికి జిల్లాలలో బ్యాంకులు నడుపుచున్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు కలవు. అచ్చట ద్విచక్ర వాహనముల మరమ్మతును, భోజనవసతులతో సహా ఉచితముగా నేర్పుచున్నారు. శిక్షణ ముగిసి వచ్చినవాడు షెడ్డు పెట్టునపుడు ఫీలర్ గేజి, చిన్న బల్బు, సైకిలు పంపు, మల్టీమీటరు ముందు కొనవలెను. సరిచేసిన ప్రతి బండికి పాయింట్ల సందు, గాలి స్క్రూ చుట్లు, సూది గాటు, జెట్టు సంఖ్య ఒక చీటిపై వ్రాసి, నూనె తగులని చోట సీటు క్రింద అంటించినచో, మరునాడు ఆ బండి ఏ ఊరి షెడ్డుకు పోయినను అచ్చటి మెకానిక్కు మొదటినుండి వెదకుకొనవలసిన పనియుండదు.